తోరణాల దగ్గరే ఆగిపోతున్న అధికారులకు, మట్టికోట గురించి

అమ్మా, అయ్యా,

పేర్లూ హోదాలూ లేకుండా మొదలుపెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఓరుగల్లు కోటలో రాతిగోడ ఒక శాఖది, లోపలి రోడ్డు ఇంకో శాఖది, మురుగుకాలువ మూడో వాళ్ళది, భూమి రికార్డులు నాలుగో వాళ్ళ దగ్గర, టూరిస్టుల సంగతి ఐదో వాళ్ళు చూస్తారు అని తెలుసుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది, అందుకని అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. "ఇది మా పరిధి కాదు" అని మధ్యలో పక్కన పెట్టేయకుండా చివరిదాకా చదవండి.

ముందు మా ఇంటి తప్పు చెప్పుకోవాలి.

నా చిన్నప్పుడు మేం ఇల్లు కట్టుకున్నాం. పునాది లేచాక బేస్‌మెంట్ నింపడానికి మట్టి కావాల్సి వచ్చింది. ట్రాక్టర్ అతను నాలుగు ట్రిప్పులు తెచ్చి పోశాడు. ఎర్రటి మట్టి, తడి తగిలితే ముద్దకట్టేది. "కోట కట్ట మట్టి అన్నా ఇది, నీళ్ళు పోసి దిమ్మిస కొట్టినవంటే ఇగ కదలది" అని మా నాన్నతో అన్నాడు, మా నాన్న సంతోషించాడు. ఒక ట్రిప్పుకి నేను కూడా ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చుని వెళ్ళాను. పెద్ద దిబ్బ, చెట్టూ చేమా, ఒక పక్క మాత్రం జున్నుముక్క కోసినట్టు నిలువునా కోసేసి ఉంది, నలుగురు మనుషులు పారలతో లోడు నింపుతున్నారు. దొంగచాటుగా ఏమీ కాదు, పట్టపగలు, బీడీలు కాల్చుకుంటూ. కోట కట్ట అన్న మాటలో కోట అనేది మాకు ఊరిపేరు లాగా వినబడేది, అంతకుమించి ఎవరమూ ఆలోచించలేదు. ఆ దిబ్బే కోటగోడ అని నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. అంటే రుద్రమదేవి పోయించిందని చెప్పుకునే గోడలో నాలుగు ట్రాక్టర్ల మట్టి ఇవాళ్టికీ మా ఇంటి గచ్చు కింద ఉంది. మేం దాని మీదే కూర్చుని టీవీలో ఆమె సీరియళ్ళూ సినిమాలూ చూశాం.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే మిమ్మల్ని మాత్రమే తప్పు పట్టినట్టు అవుతుంది.

ఓరుగల్లు కోట అనగానే మీకు, నాకు, పేపర్ వాళ్ళకి, పెళ్ళి ఫొటోగ్రాఫర్లకి అందరికీ కనబడేది నాలుగు తోరణాలు. కనబడాలి కూడా, అవి అంత అందంగా ఉంటాయి. మధ్యలో స్వయంభూ దేవుడి గుడి ఉండేది, దానికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలబెట్టారు, గుడి పడిపోయింది, తోరణాలు మిగిలాయి. చుట్టూ నేలంతా గుడి ముక్కలే, స్తంభాలు, దూలాలు, హంసలు, ఏనుగులు. కాస్త అవతల ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు. అవన్నీ చూసి, సాయంత్రం లైట్ల షో ఉంటే అది కూడా చూసి, జనం తిరిగి వెళ్ళిపోతారు. వెళ్ళేటప్పుడు రోడ్డు వంకరలు తిరుగుతూ రాతి ద్వారాల మధ్య నుంచి పోతుంది, డ్రైవర్లు హారన్ కొడుతూ తిట్టుకుంటారు. ఆ వంకరలు కావాలనే కట్టారు, శత్రువు ఏనుగు నేరుగా పరుగెత్తుకొచ్చి తలుపుని గుద్దకుండా. వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ డిజైన్ పని చేస్తూనే ఉంది, ఏనుగుల బదులు ఆటోలు ఆగుతున్నాయి, అంతే తేడా.

ఆ రాతిగోడ గణపతిదేవుడి కాలంలో లేచింది, రుద్రమ దాని ఎత్తు పెంచింది. సుమారు కిలోమీటరుకి పైగా వ్యాసం ఉన్న గుండ్రటి గోడ, పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలు, మధ్యలో సున్నం లేదు, నలభై అయిదు బురుజులు, చుట్టూ నీళ్ళ కందకం. లోపలి వైపు మెట్లు కట్టారు, సైనికులు ఎక్కడి నుంచైనా గబగబా పైకి ఎక్కేలా. దీన్ని గురించి మీరు కొంత చేస్తున్నారు, కాదనను. గోడ సందుల్లో లేచిన చెట్లు కొట్టడం, జారిన రాళ్ళు తిరిగి పెట్టడం, పచ్చిక వేయడం, నాకు కనబడుతూనే ఉన్నాయి.

నా గోడు దానికి బయట ఉన్న మట్టికోట గురించి.

రాతికోటకి సుమారు రెట్టింపు వ్యాసం, దాదాపు రెండున్నర కిలోమీటర్లు. అంటే చుట్టూ నడిస్తే ఏడు కిలోమీటర్లకి పైనే. అంతా మనుషులు, గంపలు, ఎడ్లు మోసి పోసిన మట్టి. దాని బయట మళ్ళీ వెడల్పాటి అగడ్త, గోడకి మట్టి తవ్వింది అక్కడి నుంచే కాబట్టి ఒకే పనికి రెండు ఫలితాలు. ఈ చుట్టు ఇప్పుడు కొన్నిచోట్ల చింతచెట్ల ఎత్తున నిలబడి ఉంది, కొన్నిచోట్ల మోకాలి ఎత్తు గట్టులా మిగిలింది, కొన్నిచోట్ల ఇళ్ళ వెనక గోడ అయిపోయింది, ఇంకొన్నిచోట్ల అసలు ఉండేదన్న గుర్తే లేదు, రెండు మిగిలిన ముక్కల మధ్య గీత గీసి ఊహించుకోవాల్సిందే. కట్ట మీద గొర్రెలు మేపుకునే ఒక పెద్దమ్మని పోయినసారి ఇది ఏంటో తెలుసా అని అడిగాను. "తెల్వకేంది బిడ్డా, కోటనే. వచ్చినోళ్ళు తోరణం కాడ ఫొటోలు దిగి పోతరు, గీడికి ఎవలస్తరు?" అంది. నేను ఇంత పొడుగు ఉత్తరంలో చెప్పాలనుకుంటున్నది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది, అయినా రాస్తాను, ఎందుకంటే ఆమె మాట మీ దాకా రాదు.

ఈ మట్టి ఏం చేసిందో ఒకసారి గుర్తు చేస్తాను. 1310 మొదట్లో మలిక్ కాఫర్ అలావుద్దీన్ ఖిల్జీ సైన్యంతో వచ్చి ఓరుగల్లు ముందు దిగాడు. ఆ దండయాత్ర గురించి రాసింది ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో. మన వాళ్ళని పొగడాల్సిన అవసరం ఆయనకి ఏ కోశానా లేదు. అయినా బయటి మట్టిగోడ దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం కాసేపు ఆగిపోయింది. ఉక్కు బల్లెం దిగనంత గట్టి మట్టి అన్నాడు, యంత్రాలతో విసిరిన బండరాళ్ళు తగిలితే పిల్లలు ఆడుకునే కాయల్లా ఎగిరి వెనక్కి పడతాయి అన్నాడు. కవి కదా, కొంచెం ఎక్కువే చెప్పి ఉంటాడు. కానీ శత్రువు వైపు కవి మన మట్టి గురించి ఎక్కువ చెప్పడం మామూలు విషయం కాదు. రాయి దెబ్బకి పగులుతుంది, పగిలితే పక్క రాయి కదులుతుంది. బాగా దిమ్మిస కొట్టిన మట్టి పగలదు, దెబ్బని మింగేస్తుంది. కందకం పూడ్చుకుంటూ, గోడకి గండి కొట్టుకుంటూ ఆ సైన్యం వారాల తరబడి బయటి గోడ దగ్గరే ఉండిపోయింది. ఆ మట్టిగోడ చేజారాక, రాతిగోడ మీద చివరి దాడి మొదలవకముందే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి పంపాడు. అంటే ఆ యుద్ధంలో అసలు పోరాటమంతా మోసింది ఇవాళ మనం దిబ్బ అంటున్న గోడే.

(ఆ ధనంలోనే కోహినూర్ కూడా పోయిందని గైడ్లు చెప్తారు. చెప్పనివ్వండి, కానీ బోర్డు మీద రాయకండి, గట్టి ఆధారం లేదు.)

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. ఉలుఘ్ ఖాన్, అంటే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఒకసారి ముట్టడించి నెలల తరబడి కూర్చుని, తన శిబిరంలోనే పుట్టిన పుకార్ల వల్ల చెల్లాచెదురై వెనక్కి పోయాడు. ఇక రారులే అనుకుని ధాన్యపు కొట్లు తెరిచేశారని అంటారు. వాళ్ళు మళ్ళీ వచ్చారు. 1323లో కోట పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెప్తుంది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది, కొన్నేళ్ళకే కాపయనాయకుడు తిరిగి పట్టుకున్నాడు, ఆ తర్వాత రేచర్ల వెలమలు, బహమనీలు, 1500 ప్రాంతంలో షితాబ్‌ఖాన్ అనే సీతాపతి, ఆ పైన గోల్కొండ వాళ్ళు. ఇంతమంది చేతులు మారినా మట్టికోట చుట్టు చెదరలేదు. సైన్యాలు కొట్టిన గండ్లు కూడా పూడిపోయాయి. పూడనివి మా తరంలో, మా ముందు తరంలో కొట్టినవే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాతి కట్టడం పాడైతే బాగుచేసుకునే దారి ఒకటి ఉంటుంది. వేయిస్తంభాల గుడి కల్యాణమండపం మీ కళ్ళముందే ఉంది, కుంగిపోతోందని రాయి రాయికీ నంబరు వేసి విప్పారు, దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది, మధ్యలో అందరం ఎన్నో మాటలు అన్నాం, కానీ 2024 మార్చిలో తలుపులు తెరిచారు. ఆలస్యమైనా రాళ్ళు ఉన్నాయి కాబట్టి తిరిగి నిలబెట్టగలిగారు. మట్టికి నంబర్లు వెయ్యలేం. తవ్విన చోట రేపు కొత్త మట్టి తెచ్చి పోసి, రోలర్ తిప్పి, పాత ఎత్తుకి తెచ్చినా అది రేపటి కట్టే అవుతుంది తప్ప మట్టికోట అవ్వదు. ఇంకో సంగతి, ఇది తవ్వకాల వాళ్ళని అడిగితే నాకంటే బాగా చెప్తారు: గోడ పోసిన రోజున దాని కింద ఉన్న నేల అలాగే మూతపడిపోతుంది. ఆ నేల మీద అప్పటి కుండపెంకులు, బొగ్గు, గింజలు ఏవి ఉంటే అవి ఏడొందల ఏళ్ళుగా ఎవరి చెయ్యీ తగలకుండా ఉంటాయి. గోడలో పొరలు పొరలుగా పోసిన మట్టిని చదివితే ఒకేసారి పోశారా, రెండు మూడు తరాలు పెంచుకుంటూ పోయారా, 1310 తర్వాత హడావిడిగా మరమ్మతు చేశారా అనేది తేలుతుంది. రుద్రమ కట్టించిందా అన్న ప్రశ్నకి కూడా శాసనాల్లో దొరకని జవాబు ఈ మట్టిలో దొరకొచ్చు. జేసీబీ బకెట్ ఒక్కసారి దిగితే అదంతా కలగాపులగం. మా బేస్‌మెంట్ కింద ఉన్న నాలుగు ట్రిప్పులని ఇప్పుడు ఏ శాస్త్రవేత్త వచ్చినా చదవలేడు.

యునెస్కో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2014లో కాకతీయుల గుళ్ళూ తోరణాలూ అని మూడింటినీ కలిపి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో పెట్టారు: రామప్ప, వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట. 2021లో గుర్తింపు రామప్ప ఒక్కదానికే వచ్చింది. సంతోషించాం, పండగ చేసుకున్నాం. మరి మిగతా రెండూ ఎందుకు పక్కకి పోయాయో ఒక్కసారి కట్ట మీద ఎక్కి ఊరివైపు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, దానికి పారిస్ నుంచి మనుషులు రావక్కర్లేదు. చుట్టూ ఉన్న గోడనే కాపాడుకోలేని చోట మధ్యలో ఉన్న తోరణాన్ని ప్రపంచం ఎలా నమ్ముతుంది?

ఇంకా విచిత్రం, 2024లో రాష్ట్ర ముద్ర మారుస్తారన్నప్పుడు అందులో తోరణం ఉండాలా వద్దా అని రాష్ట్రమంతా కొట్టుకున్నాం. నేనూ కొట్టుకున్నాను, ఉండాలి అనే పక్షం నాది. నా ఫోన్‌లో ఆ వారం రోజులు వచ్చిన మెసేజ్‌లు లెక్కపెట్టలేను. అందులో ఒక్కటి కూడా మట్టికోట గురించి లేదు.

మీ ఆఫీసులతో నా అనుభవం ఒకటి చెప్తాను, ఏ ఆఫీసో రాయను, అందరూ ఒకేలా ఉన్నారు కాబట్టి రాసి ప్రయోజనం లేదు. రెండేళ్ళ కింద ఒక ఆదివారం ఉదయం కట్ట మీద నడుస్తుంటే ఒకచోట జేసీబీ పని చేస్తోంది, అప్పటికే ఒక గది పట్టేంత తవ్వేశారు. ఫోన్ చేస్తే ఒకరు, తవ్వుతున్నది పట్టా భూమి అయితే మేం ఏం చెయ్యలేం, రెవెన్యూ వాళ్ళని అడగండి అన్నారు. వాళ్ళు, కోట అయితే పురావస్తు వాళ్ళది కదా అన్నారు. మూడో నంబరు, రేపు సోమవారం రాతపూర్వకంగా ఇవ్వండి అంది. సోమవారం ఇచ్చాను. రసీదు ఇచ్చారు. నేను కాగితం రాసుకుంటున్న టైముకే అక్కడ పని అయిపోయింది. తప్పంతా ఆ ఫోన్ ఎత్తిన మనుషులదని నేను అనట్లేదు, గోడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చూపించే మ్యాపు వాళ్ళ బల్ల మీద కూడా లేదు, అదే నా టెన్షన్.

అందుకని నేను మొట్టమొదట అడిగేది మ్యాపు. డ్రోన్లతో ఎత్తుపల్లాలు కొలవడం ఇప్పుడు పెద్ద పని కాదు. మట్టికోట, అగడ్త ఎంత మిగిలిందో మొత్తం ఏడు కిలోమీటర్లూ కొలిపించండి, పోయిన భాగం పాత మ్యాపులూ పాత విమాన ఫొటోలూ చూసి గీయించండి, దాని మీద సర్వే నంబర్లు వేయించండి, వేసిన తర్వాత బీరువాలో పెట్టకుండా ఆన్‌లైన్‌లో పెట్టండి. రేపు స్థలం కొనేవాడు ఒక్కసారి చూసుకుంటే చాలు. ఇవాళ కట్టని ఆనుకుని ప్లాటు కొన్న మామూలు గుమాస్తాకి, అది కోటగోడ అని అమ్మినవాడు చెప్పడు, రిజిస్ట్రేషన్ దగ్గర ఎవరూ చెప్పరు, ఇల్లు లేచాక నోటీసు మాత్రం వస్తుంది. ఆ నోటీసు అందుకున్నవాడికి చరిత్ర మీద ప్రేమ పుడుతుందా చెప్పండి. మ్యాపు ప్రకారం నేల మీద హద్దురాళ్ళు పాతండి. మామూలు పొలం గట్టుకే నలుగురు పెద్దమనుషుల ముందు రాళ్ళు పాతుకుంటారే, ఇంత కోటకి లేవు.

చట్టం లేక కాదు. పాత కట్టడాలని కాపాడే 1958 చట్టం ఉంది, 2010లో దాన్ని ఇంకా గట్టి చేశారు, రక్షిత కట్టడం హద్దు నుంచి వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో రెండొందల మీటర్లు అనుమతి తీసుకుంటే తప్ప కట్టకూడదు, మీరితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇవి మీకు కంఠతా వచ్చు. కానీ హద్దే తెలియనప్పుడు వంద మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. కోట ఖాళీ కోట కాదు. పడమర కోట, మధ్య కోట, తూర్పు కోట అని వాడలున్నాయి, బడులున్నాయి, పొలాలున్నాయి, మసీదులు, గుళ్ళు, శ్మశానాలు ఉన్నాయి. అక్కడి మనుషులు తరతరాలుగా ఉన్నవాళ్ళు. వాళ్ళలో ఒకడు కూలిపోతున్న వంటగది గోడ తిరిగి కట్టుకోవాలంటే భయం, ఇంట్లో బాత్‌రూమ్ కట్టుకోవాలంటే భయం. అదే కట్టకి అవతల ఎవరో పలుకుబడి ఉన్నవాడు రెండంతస్తులు లేపుతుంటే చూస్తూ ఉంటాడు. 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇంటికైతే నిషేధిత ప్రాంతంలో కూడా మరమ్మతులకి దరఖాస్తు పెట్టుకోవచ్చు అని అదే చట్టంలో ఉంది. ఈ ముక్క కోటలో ఎంతమందికి తెలుసు? నేను అడిగిన పది ఇళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ దరఖాస్తు తెలుగులో దొరికేలా, నింపి ఇచ్చేలా నెలకి ఒక రోజు పంచాయితీ అరుగు మీదో బడిలోనో ఒక మనిషిని కూర్చోబెట్టండి. మీరు వాళ్ళ ఇంటి గోడకి సాయం చేస్తే వాళ్ళు మీ కోటగోడకి కాపలా కాస్తారు. జేసీబీ చప్పుడు మొట్టమొదట వినబడేది వాళ్ళకే, మీకూ నాకూ కాదు. ఇళ్ళు ఖాళీ చేయించి కోటని ఖాళీ మైదానం చేద్దామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి, మనుషులు పోయిన కోటని ముళ్ళతుప్పలు ఎంత తొందరగా మింగుతాయో మన ఊళ్ళ చుట్టూ ఉన్న కొండమీది కోటలు చూస్తే తెలుస్తుంది.

తర్వాత, సుందరీకరణ. ఈ మాట వింటేనే నాకు గుండె జారుతుంది. మట్టికోట మీద మీ కన్ను పడాలని ఇంతసేపు రాశాను కదా, ఇప్పుడు అది పడితే ఏమవుతుందో అని ఇంకో భయం. కట్ట పైన చదును చేసి టైల్స్ పరిచి, అంచున స్టీలు రెయిలింగు పాతి, జారకుండా కింద సిమెంటు గోడ కట్టి, మధ్యమధ్యలో ఫైబర్ ఏనుగులు పెట్టి, ఐ లవ్ ఏదో అని పెద్ద అక్షరాలు నిలబెట్టే ప్లాను ఎవరి కంప్యూటర్‌లోనైనా ఉంటే తీసేయండి. మట్టికి సిమెంటు తొడిగితే లోపలి తడి బయటికి పోవడానికి దారి ఉండదు, వెనక నానుతుంది, ఉబ్బుతుంది, ఒక పెద్దవానకి గోడతో సహా జారిపోతుంది. రెయిలింగు కోసం తవ్విన ప్రతి గుంతా నీళ్ళు దిగే రంధ్రమే.

మరి ఏం చెయ్యాలి అంటే, దీనికి విదేశాల నుంచి నిపుణులని పిలవక్కర్లేదు, చెరువు కట్టని చూసుకునేవాళ్ళని పిలవండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. ఈ గోడ పోసిన కాలమూ, పాకాల, రామప్ప చెరువుల కట్టలు పోసిన కాలమూ ఒకటే, ఆ మనుషులూ ఆ చేతిపనీ ఒకటే. ఆ చెరువులు ఇవాళ్టికీ నిండుతున్నాయి, ఎందుకంటే తరతరాలుగా వాటిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు. కట్ట మీద ఎక్కడ వాన నీరు ఒకే చోటికి చేరి కోత పెడుతోందో చూసి వానకి ముందే దారి మళ్ళించాలి. గరిక ఉండాలి, దాని వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి, అందుకని మంట పెట్టి మొత్తం బోడి చేయకూడదు. రావి, మర్రి, వేప లాంటివి మాత్రం మొక్కగా ఉన్నప్పుడే కోసెయ్యాలి, మానైన తర్వాత పీకితే వేరుతో పాటు సగం కట్ట వస్తుంది, అప్పుడు మొదలు దగ్గర కొట్టి, వేళ్ళని లోపలే ఎండిపోనివ్వాలి. ఎలుక బొరియలు, పందుల తవ్వకాలు పూడ్చాలి. జనం అడ్డదిడ్డంగా ఎక్కి దిగే కాలిబాటలే కొన్నాళ్ళకి గండ్లు అవుతాయి, అందుకని ఎక్కడానికి రెండు మూడు చోట్ల మాత్రమే చెక్కమెట్లో, పైన పేర్చిన రాళ్ళో పెట్టి, మిగతా బాటల మీద గడ్డి మొలవనివ్వాలి. ఇదంతా ఊళ్ళో చెరువు నీళ్ళు చూసుకునే నీరటి కుటుంబాల పెద్దవాళ్ళకి తెలిసిన పనే. మిషన్ కాకతీయ అని పేరు పెట్టుకుని వేల చెరువుల పూడిక తీసిన రాష్ట్రం మనది, ఆ కాకతీయుల రాజధాని కట్ట ఒక్కటి చూసుకోలేమా?

అగడ్త సంగతి కూడా దాంతో పాటే. ఇప్పుడు అందులో కొన్నిచోట్ల వరి, కొన్నిచోట్ల గుర్రపుడెక్క, చాలాచోట్ల చెత్త. 2020 ఆగస్టు వానలకి వరంగల్ వీధుల్లో పడవలు తిరిగాయి, గుర్తుందిగా. నీళ్ళు నిలబడాల్సిన పల్లాలన్నీ పూడ్చుకుని నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయని ఏడ్చాం. ఏడు కిలోమీటర్ల పొడవున తవ్వి పెట్టిన పల్లం ఊరి పక్కనే ఉంది, అందులో ట్రాక్టర్లతో చెత్త పోస్తున్నారు. కోట మీద ప్రేమ లేకపోయినా కనీసం నీళ్ళ మీద భయంతోనైనా అది ఆపించండి.

బోర్డులు పెట్టండి. రక్షిత కట్టడం, ముట్టుకుంటే జైలు అనే నీలంరంగు బోర్డు గురించి కాదు నేను అడిగేది. అది ఉంది, దాని మీద పకోడీల బండి వాడు గొడుగు కట్టుకున్నాడు. రోడ్డు మట్టికోటని దాటే ప్రతి చోటా రెండే వాక్యాలు, పెద్ద తెలుగు అక్షరాల్లో: మీరిప్పుడు ఓరుగల్లు బయటి కోటగోడని దాటుతున్నారు, ఇది మనుషులు మోసి పోసిన మట్టి. చిన్నప్పుడు అలాంటి బోర్డు ఒకటి ఉండి ఉంటే మా నాన్న ఆ నాలుగు ట్రిప్పులూ వేరే చోటి నుంచి తెప్పించేవాడని నాకు నమ్మకం, ఆయన రూపాయి దగ్గర గట్టివాడే గానీ అంత తెలియనివాడు కాదు.

డబ్బు లేదని అంటారేమో. వరంగల్‌ని వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకంలో పెట్టినప్పుడు, స్మార్ట్ సిటీ అన్నప్పుడు డబ్బు వచ్చింది, ఖర్చూ అయింది. గడ్డి కోయడానికి, నీటి దారి మళ్ళించడానికి, హద్దురాళ్ళకి, నలుగురు కాపలా మనుషుల జీతాలకి కావాల్సింది ఒక ముఖద్వారానికి కట్టే సిమెంటు తోరణం ఖర్చు కంటే తక్కువే ఉంటుందని నా అంచనా. నకలు తోరణాలు ఇక చాలు, జిల్లాలో ఏ రోడ్డు చూసినా ఒకటి ఉంది.

ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా పర్లేదు. ఒక్కసారి నడవండి. వానలు పడకముందు, గడ్డి ఎండి కట్ట ఆకారం స్పష్టంగా కనబడే రోజుల్లో, ఏదైనా ఆదివారం ఉదయం ఆరింటికి అన్ని శాఖల నుంచీ ఒక్కొక్కరు రండి, ఫొటోగ్రాఫర్ని తేకండి. పడమటి వైపు నుంచి మొదలుపెడితే ఎండ ఎక్కేలోపు సగం చుట్టు అయిపోతుంది, ముళ్ళు ఉంటాయి కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. నాకు తెలిసిన గండ్లు పదకొండు ఉన్నాయి, అవన్నీ చూపిస్తాను. పన్నెండోది మా ఇంటికోసం తవ్వింది, అక్కడ ఇప్పుడు ఎవరిదో ప్రహరీ గోడ ఉంది, దాని గేటు దగ్గర నిలబడితే లోపల కోసిన కట్ట ఇంకా కనబడుతుంది.

ఇట్లు,
నాలుగు ట్రాక్టర్ల మట్టి బాకీ ఉన్న ఒక వరంగల్ వాసి